పచ్చి అబద్ధం, పండు వెన్నెల, హోసూరు ‘శానా’!

మీకు తెలుసా? హోసూరులో ఒక్క మామిడి ముక్కను మెచ్చుకోవడానికి మూడు భాషల మాటలు సిద్ధంగా ఉంటాయి! తోపుడు బండి మీద తోతాపురి కాయను కోసి, ఉప్పూ కారం చల్లి చేతిలో పెడతారు. తెలుగు నోరు ‘శానా బాగుండాది’ అంటుంది. తమిళ నోరు ‘సెమ’ అంటుంది. బెంగుళూరు నుంచి దిగిన కన్నడ నోరు ‘సక్కత్’ అంటుంది. ముక్క ఒకటే, లొట్టలు మూడు రకాలు!

బెంగుళూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరం, ఆంధ్ర సరిహద్దు మరీ దూరం కాదు, జిల్లా తమిళనాడులోని కృష్ణగిరి. ఇలాంటి చోట మాటకు ఊపునిచ్చే మాటలు సంతలో సరుకులా చేతులు మారకుండా ఉంటాయా? వ్యాకరణం వీటికి పెద్ద పెద్ద పేర్లు పెట్టింది. మనం ‘ఊపు మాటలు’ అనుకుని ముందుకు పోదాం.

మీకు తెలుసా? కన్నడిగుల ‘సక్కత్’ అసలు కన్నడమే కాదు! ‘సఖ్త్’ అనే పారసీ మాట ఉర్దూ మీదుగా వచ్చి అక్కడ స్థిరపడింది. దాని అర్థం ‘గట్టి’. అంటే మెత్తటి మైసూరుపాకును ‘సక్కత్’ అన్నవాళ్లు పాత లెక్కన దాన్ని రాయి అంటున్నట్టే. మిఠాయి కొట్టాయన వినకపోతే మంచిది!

మరి తెలంగాణ ‘మస్తు’? అదీ పారసీదే. అర్థం ‘మత్తెక్కిన’. ‘మస్తుగా తిన్నా’ అన్న మనిషి తిన్నది పెరుగన్నమే అయినా, మాట మాత్రం తూలుతూనే వస్తుంది.

‘జబర్దస్త్’ సంగతి మీకు తెలుసా? ‘జబర్’ అంటే పైన, ‘దస్త్’ అంటే చెయ్యి. కలిపితే మన ‘పైచేయి’! ఇంట్లో ఉన్న మాటే పొరుగూరు వెళ్లి, కొత్త చొక్కా వేసుకుని తిరిగొచ్చినట్టుంది కదూ.

ఇప్పుడు మన సొంత సరుకు చూద్దాం. గట్టిగా పట్టుకోండి. ‘చాలా’ అనే మాట ‘చాలు’ అనే మాటలోంచి పుట్టింది! సరిపోవడం అనే క్రియకు ఒక పిల్ల ‘చాలు’, ఇంకో పిల్ల ‘చాలా’. ఒకటి ఆపమంటుంది, ఇంకొకటి ఇంకా పొయ్యమంటుంది. విస్తరి ముందు కూర్చున్న అల్లుడు ‘చాలు’ అంటుంటే అత్తగారికి ‘చాలా’ అని ఎందుకు వినిపిస్తుందో ఇప్పుడు అర్థమైందా?

‘తెగ తిన్నాడు’, ‘తెగ నవ్వింది’, ‘తెగ వాగాడు’. ఈ ‘తెగ’ ఎక్కడిది? తాడు తెగడంలోని ‘తెగు’ నుంచే! తెగేదాకా సాగదీస్తే అదీ ‘తెగ’. పెళ్లి భోజనంలో తెగ తినేవాళ్లు ముందు మొలతాడు చూసుకోవాలి.

మీకు తెలుసా? తెలుగులో చెడిపోవడం కూడా బాగానే ఉంటుంది! ‘బండి బాగా పాడైపోయింది’, ‘బాగా జబ్బు చేసింది’, ‘బాగా దెబ్బలు తగిలాయి’. ‘మంచి ఎండలో వచ్చావు’ అంటాం, ఆ వచ్చినవాడు మాడిపోయి ఉంటాడు. ‘మంచి ఆకలి మీద ఉన్నాడు’ అంటాం, అతడి కడుపు కాలిపోతూ ఉంటుంది.

అంతకంటే వింత కోస్తాలో ఉంది. అక్కడ ‘మా చెడ్డ మంచివాడు’ అంటారు! ఒక్క ఊపిరిలో చెడ్డ, మంచి రెండూ! అయినా వినేవాళ్లెవరూ తికమకపడరు. ఆ మనిషికి సంబంధం కూడా కుదిరిపోతుంది!

ఇక అసలు విందుకు వద్దాం. ‘పచ్చి’!

మీకు తెలుసా? తెలుగులో అబద్ధం పచ్చిగా ఉంటుంది, నిజమూ పచ్చిగానే ఉంటుంది. పచ్చి అబద్ధం, పచ్చి నిజం! మోసం పచ్చిది, తాగుబోతు పచ్చివాడు, అవకాశవాదీ పచ్చివాడే. ఇన్ని పచ్చివి ఉన్నా పొయ్యి మీద పెట్టేది ఒక్కటీ లేదు.

ఇంతకంటే పెద్ద ఆశ్చర్యం హోసూరు సందుల్లో ఉంది. తమిళంలో కూడా అబద్ధం పచ్చిదే: ‘పచ్చై పొయ్’! కన్నడంలోనూ అంతే: ‘హసి సుళ్ళు’. ‘హసి’ అంటే పచ్చి, ‘సుళ్ళు’ అంటే అబద్ధం. మూడు భాషల్లో ఏ భాషలో చెప్పినా అబద్ధం ఉడకదు! హోసూరులో అబద్ధం ఆడదలచుకున్నవాళ్లకు పారిపోవడానికి నాలుగో భాష వెతుక్కోవడమే దారి.

సరే, పచ్చిది ఉంటే పండినదీ ఉండాలి కదా? ఉంది! వెన్నెల పండింది: ‘పండు వెన్నెల’. మనిషి పండాడు: ‘పండు ముసలి’. అబద్ధాన్ని పచ్చిగా వదిలేసి, వెన్నెలను మాగబెట్టిన భాష మనది. ఈ ఒక్క ముక్కకే తెలుగుకు దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఆగండి, బుట్ట ఇంకా ఖాళీ కాలేదు. ఎండ లేతది, వయసు దోరది, రంగు ముదురుది, జోకు కుళ్లుది! పొద్దుటి ‘లేత ఎండ’ నుంచి రాత్రి ‘కుళ్లు జోకు’ దాకా మామిడితోట మొత్తం మన మాటల్లో కాసింది. హిందీ నుంచి తెచ్చుకున్న ‘పక్కా’ ఉందే, దాని తొలి అర్థం కూడా ‘పండిన, వండిన’ అనే! పక్కా ప్లాను అంటే బాగా మాగిన ప్లాను అన్నమాట. ‘కచ్చా’ అంటే పచ్చి. అరువు తెచ్చుకున్నప్పుడు కూడా మనం పండునే ఏరి తెచ్చుకున్నాం!

ఈ మాటలన్నిటికీ తగిన రాజధాని కృష్ణగిరే. మామిడి గుజ్జు తీసే కర్మాగారాలకు పేరుపడ్డ జిల్లా అది. అఖిల భారత మామిడి ప్రదర్శన జరిగేదీ అక్కడే. మీకు తెలుసా? అక్కడ విరగకాసే తోతాపురికి ఉన్నన్ని పేర్లు చాలామంది మనుషులకు కూడా ఉండవు. బెంగుళూరా అంటారు, కల్లామై అంటారు, కలెక్టరు అని కూడా అంటారు! కొన కాస్త వంకర తిరిగి చిలక ముక్కులా ఉంటుంది కనుక తమిళులు ‘కిళిమూక్కు’ అంటారు, కన్నడిగులు ‘గిణిమూతి’ అంటారు. కలెక్టరును కోసి ఉప్పూ కారం చల్లుకు తినే ఊళ్లు ఇవి!

ఇప్పుడు ఒక దిగులు మాట: ‘కటిక’. కటిక చీకటి, కటిక దరిద్రం, కటిక ఉపవాసం, కటిక చేదు, కటిక నేల. ఎప్పుడైనా గమనించారా? ‘కటిక ధనవంతుడు’ అని ఎవ్వరూ అనరు! ‘కటిక విందు’ లేదు, ‘కటిక వెన్నెల’ లేదు. మంచి పక్కకు రావడం దానికి చేతకాదు. తెలుగులో ఇంత ఏడుపుగొట్టు ఊపు మాట ఇంకోటి చూపిస్తే నేను బెంగుళూరా కాయలు బుట్టెడు పంపిస్తాను.

చీకటికి ఎన్ని ఊపులో మీకు తెలుసా? కటిక చీకటి, కారు చీకటి, చిమ్మ చీకటి, గాఢమైన చీకటి. అవీ చాలక ‘కన్ను పొడుచుకున్నా కానరాని’ చీకటి! కరెంటు పోయినప్పుడల్లా ఒక్కోటి వాడుకున్నా వారం గడిచిపోతుంది.

మరి వెలుతురుకు? దానికి తెలుగువాళ్లు వేసిన మంత్రం అన్నిటికంటే పొట్టిది. ఒకే ఒక్క చప్పుడు: ‘ట్ట’!

నమ్మరా? పగలు, పగలు కలిస్తే పట్టపగలు. బయలు, బయలు కలిస్తే బట్టబయలు. మొదట రెండుసార్లు వస్తే మొట్టమొదట. చివర రెండుసార్లు వస్తే చిట్టచివర. నడుమ నట్టనడుమ అవుతుంది, తుద తుట్టతుద, కడ కట్టకడ, ఎదురు ఎట్టయెదురు! మాటను రెండుసార్లు అనడం, మొదటి దాని తోక కోసి అక్కడ ‘ట్ట’ అతికించడం. అంతే, ఊపు సిద్ధం! 1858లో అచ్చయిన ‘బాలవ్యాకరణం’లో చిన్నయసూరి దీనికి సూత్రమే రాశారు. బడిపిల్లలు దాన్ని ద్విరుక్త టకార సంధి అని బట్టీపడతారు. పేరు కష్టం, పని చిటికెలో!

మీకు తెలుసా? ఈ ‘ట్ట’ కూడా సరిహద్దు దాటేసింది! తమిళంలో పట్టపగలు ‘పట్టప్పగల్’. నడుమ ‘నట్టనడు’. బట్టబయలుకు జోడు ‘వెట్టవెళి’. కన్నడంలో ‘బట్టబయలు’ అచ్చం మనదే, ‘నట్టనడువె’ దాదాపు మనదే. కాకపోతే కన్నడిగులు కొన్నిచోట్ల ‘ట్ట’ను మెత్తబరిచి ‘త్త’ చేశారు: తుట్టతుద అక్కడ ‘తుత్తతుది’, మొట్టమొదలు అక్కడ ‘మొత్తమొదలు’. హోసూరు బజారు నట్టనడుమ దొరికిన దొంగ మూడు భాషల్లో దొరికినట్టే!

దొంగ అంటే గుర్తొచ్చింది. ‘గజదొంగ’ ఎవరో మీకు తెలుసా? ఇక్కడ గజం అంటే ఏనుగే. ఎంత పెద్ద దొంగో చెప్పడానికి మనవాళ్లు దొంగ ముందు ఏనుగును నిలబెట్టారు. హోసూరు, డెంకణికోట, తళి వైపు రైతులకు ఇది మాట కాదు, కళ్లెదుటి నిజం! రాగి పైరు కంకి వేసే కాలానికి బన్నేరుఘట్ట అడవుల నుంచి ఏనుగుల మందలు ఇటు దిగుతాయి. సానమావు అడవిలో పగలంతా నిలబడి, రాత్రికి చేలమీద పడతాయి. మంచెల మీద రైతులు టార్చిలైట్లు పట్టుకుని, టపాసులు పేలుస్తూ తెల్లవార్లూ కాపలా. గజదొంగ అనే మాటను అక్షరాలా వాడుకునే హక్కు ఆ రైతులదే. సంకటి ముద్ద కోసం ఏడాదంతా చెమటోడ్చిన మనిషి కంటిమీద కునుకు తీసేసే దొంగ అది!

‘గజ ఈతగాడు’ అంటే నవ్వొస్తుందా? నవ్వకండి. ఏనుగులు అద్భుతంగా ఈదుతాయి! తొండం నీటి పైకెత్తి ఊపిరి తీసుకుంటూ గంటల తరబడి ఈదగలవు. ఊపిరి గొట్టంతో సహా పుట్టిన ఈతగాడు ఇంకెవరున్నారు?

మన ఊపు మాటల్లో ఇంకో మూగజీవం ఉంది: ‘గొడ్డు’. గొడ్డుచాకిరీ! జర్మన్లు ఇంకో అడుగు ముందుకేశారు. బాగా చలిగా ఉంటే వాళ్లు చలి ముందు పందిని పెడతారు: ‘సౌకాల్ట్’, అంటే పందిచలి! బాగా అలసిపోతే కుక్క అలసట. మనది ఏనుగు, వాళ్లది పంది. కొలతల్లో మనమే గెలిచాం!

కృష్ణగిరి గ్రానైట్ పేరు విన్నారా? కొండల్ని పలకలుగా కోసి ఎగుమతి చేసే జిల్లా అది. మీకు తెలుసా, తెలుగులో బండ కూడా ఊపు మాటే! బండబూతులు, బండమొద్దు, బండచాకిరీ, బండగుర్తు. తిట్టు బరువెక్కాలంటే దాని మెడకు ఒక బండ కడితే చాలు. కృష్ణగిరిలో సరుకు కొరతే లేదు!

దేవుళ్లను మాత్రం వదిలామా? లేదు! యముణ్ని పట్టుకొచ్చి ‘యమ స్పీడు’, ‘యమ ఘాటు’ అన్నాం. అందం చెప్పాలంటే రాముడు: ‘రామచక్కని పిల్ల’. గొప్ప చెప్పాలంటే బ్రహ్మ: ‘బ్రహ్మాండం’. అది ఉత్త మెచ్చుకోలు కాదు, బ్రహ్మ గుడ్డు, అంటే ఈ విశ్వమంతా! ‘పెసరట్టు బ్రహ్మాండం’ అన్న ప్రతిసారీ మీరు నక్షత్రాలతో సహా విశ్వాన్నే అల్లం చట్నీలో ముంచుతున్నారు.

తమిళులు అదే అండాన్ని అబద్ధాల కోసం వాడుకున్నారు! ‘అండప్పుళుగు, ఆకాసప్పుళుగు’ అంటారు. విశ్వమంత బొంకు, ఆకాశమంత బొంకు. పచ్చిది ఒకవైపు, బ్రహ్మాండమంతది ఇంకోవైపు. అబద్ధాలకు ఇన్ని అలంకారాలు జరుగుతుంటే నిజం మూలన కూర్చుని చూస్తోంది పాపం!

మనిషి ముదిరాడని చెప్పడానికి ఎంత చోటు కావాలి? ‘దేశముదురు’ అంటే ఒక దేశం కావాలి. ‘జగమొండి’ అంటే లోకమంతా కావాలి. ‘జగత్‌కిలాడి’, ‘జగజ్జాణ’లకూ అంతే. మీకు తెలుసా? 2007లో ఒకే ఏడాది రెండు ఊపు మాటలు సినిమా పేర్లయ్యాయి: సంక్రాంతికి ‘దేశముదురు’, ఆగస్టు 15కి ‘యమదొంగ’! గోడలమీద పోస్టర్లతో సహా వ్యాకరణ పాఠం!

ఇప్పుడొక ప్రమాద హెచ్చరిక. హోసూరులో తమిళ మిత్రుడు మీ పనిని చూసి ‘వెఱిత్తనం’ అంటే కోపం తెచ్చుకోకండి! తెలుగు చెవికి అది ‘వెర్రితనం’. తమిళ కుర్రకారుకు అది ఆకాశానికెత్తే మెచ్చుకోలు. రెండూ ఒకే వేరు నుంచి మొలిచిన మాటలే. ఒకే ఇంటి అన్నదమ్ముల్లో ఒకడు దండ వేస్తాడు, ఒకడు దండిస్తాడు!

2011లో దేశాన్ని ఊపేసిన ధనుష్ పాటలోని ‘కొలవెరి’ గుర్తుందా? అందులో ఉన్నదీ ఆ వెర్రే! ‘కొల’ అంటే హత్య. చంపేంత వెర్రి అన్నమాట. చిన్నపిల్లలు కూడా దాన్ని పాడుకుంటూ బడికి వెళ్లారు!

‘తారుమారు’ కథా అలాంటిదే. తెలుగులో తారుమారైతే కొంప మునిగినట్టు. తమిళ కుర్రాళ్లకు ‘తారుమారు’ అంటే అదిరిపోయినట్టు! ఆకలికి హత్య తగిలించి ‘కొలైపసి’ అంటారు, హీరోకు చావు తగిలించి ‘మరణ మాస్’ అంటారు.

మనం తక్కువ తిన్నామా? ‘సినిమా బీభత్సం’, ‘పాట అరాచకం’, ‘ఫైటు ఖతర్నాక్’, ‘పిచ్చ కామెడీ’! ఖతర్నాక్ అంటే ప్రమాదకరం అని అర్థం. జపాన్‌లోనూ ఇదే తంతు. అక్కడ ‘యాబాయి’ అంటే ఒకప్పుడు ప్రమాదం, ఇప్పుడు కుర్రకారు నోట అదే ‘అద్భుతం’! భయపెట్టే మాటలన్నీ చివరికి సినిమా హాల్లో ఈలలు వేస్తూ తేలుతున్నాయి.

మీకు తెలుసా? పెంచడానికి పుట్టిన ‘మహా’ ఒక్కోసారి కుదించేస్తుంది! ‘మహా ఆనందం’లో పెద్దది. ‘మహా అయితే పది రూపాయలు’ అన్నప్పుడు అంతకంటే పైసా పెరగదు. బేరమాడేవాళ్లకు తెలుగు ఇచ్చిన బ్రహ్మాస్త్రం అది. హోసూరు గులాబీ బుట్ట దగ్గర వాడి చూడండి!

‘శుద్ధ’ అంటే స్వచ్ఛం. మరి ఆ స్వచ్ఛతను మనం దేనికి వాడుతున్నాం? శుద్ధ అబద్ధం, శుద్ధ దండగ, శుద్ధ మొద్దు! కడిగి, ఆరబెట్టి, మరీ తిట్టడం మనకే చెల్లింది.

ఇప్పుడు లెక్కల మాట. ‘పదహారణాల తెలుగువాడు’ అంటే ఎంత? అచ్చంగా ఒక రూపాయి! అప్పట్లో రూపాయికి 16 అణాలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి, రూపాయికి 100 నయాపైసలయ్యాయి. అణా బజారు నుంచి వెళ్లిపోయింది. మాటలోంచి మాత్రం ఒక్క అణా కూడా చెల్లిపోలేదు! ‘నూరు పైసల తెలుగువాడు’ అని అనమనండి చూద్దాం ఎవరినైనా.

పదహారణాలకు సాక్ష్యం కావాలా? 2024 జూన్‌లో 18వ లోక్‌సభ కొలువుదీరినప్పుడు కృష్ణగిరి ఎంపీ కె.గోపీనాథ్ ప్రమాణం చేసింది తెలుగులో! తమిళనాడు నుంచి గెలిచిన సభ్యుడు, చేతిలో రాజ్యాంగం, నోట తెలుగు! 2004లో ఏర్పడ్డ చిన్న వయసు జిల్లా, వందల ఏళ్ల నాటి మాటను ఢిల్లీలో వినిపించింది. హోసూరు ఇళ్లల్లో ఆ పూట టీవీ శబ్దం ఎంత పెంచి ఉంటారో ఊహించుకోండి!

చివరిగా ఒక్కటి. ఏ ఊపు మాటా అక్కర్లేకుండా ఊపు తెచ్చే విద్య ఒకటుంది. అది పసిపిల్లలకు పుట్టుకతో వస్తుంది. ‘పెద్ద’ను సాగదీయడం! పె దీర్ఘమై ‘పేద్ద’ అవుతుంది. తళి పక్క పల్లెలో పొలం గట్టు మీద జాడ చూసిన పిల్లను అడగండి. ‘పేద్ద ఏనుగు’ అంటే ఒకటొచ్చిందని. ‘పే...ద్ద ఏనుగు’ అంటే దంతాలున్న మగదని. ఇక ‘పే.......ద్ద’ అని ఊపిరి బిగబట్టి చేతులు రెండూ చాచిందనుకోండి, ఇంకేమీ అడక్కండి. చేను ఖాళీ, మందంతా వచ్చింది!